తాలు

డబ్బా విప్పిన రోజు దానికి కుంకుమబొట్టు పెట్టాడు మా షావుకారు.
నిమ్మకాయ కూడా తెస్తానన్నాడు,
దేనితో తొక్కిస్తావయ్యా అని నేనే ఆపాను.

యాభై రెండు వేలు. అరండల్‌పేటలో, వాయిదాల మీద.
తొమ్మిదింటికి మీట నొక్కితే
తొమ్మిదింబావుకి లేస్తుంది.
లేచి, తెర నడుమ చిన్న సున్నా చుట్టి
దాన్ని తిప్పుకుంటూ కూచుంటుంది.
గానుగెద్దు తిరిగినా కిందికి నూనె బొట్టు రాలుతుంది కదా.

ఈలోపు యార్డులో వేలం అయిపోతుంది,
కాటాలు అయిపోతాయి,
హమాలీలు టిక్కీలు వీపున వేసుకుని
నా బల్ల పక్కనుంచే పరుగెడతారు.
ఒక్కోటి నలభై కిలోల పైమాట.
వాళ్ళెవరూ సగం దారిలో ఆగి
'దయచేసి వేచి ఉండండి' అనరు.

మొదటిసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని
బస్సులో బెజవాడ సర్వీసు సెంటరుకి వెళ్ళాను.
ఏసుపాదం అనే కుర్రాడు ముట్టుకోగానే
ఎంత బుద్ధిగా నడిచిందో!
"బానే ఉంది కదా మేడమ్."
తిరుగు బస్సులో, మంగళగిరి దాటాక తెరిచి చూస్తే
నీలం తెర.

రెండోసారి అప్‌డేట్ అన్నాడు.
మూడోసారి లోపల ఏదో బోర్డు మార్చామన్నాడు.
మార్చాక 'ర' పడటం మానేసింది.
వారం రోజులు నా పట్టీల్లో
సుబ్బారావులందరూ సుబ్బావులు,
రూపాయలన్నీ ఊపాయలు.

నాలుగోసారి మూత ఊడదీసి, ఊది,
ఏడు తుమ్ములు తుమ్మాడు పాపం.
"మిరప ధూళి పడింది మేడమ్, వారంటీ వర్తించదు.
అయినా, నెమ్మదిగా ఉండటం లోపం కిందికి రాదు."

నెమ్మదిగా ఉండటం లోపం కిందికి రాదు.
ఇరవై రెండేళ్ళ గుమస్తాగిరీలో
ఈ మాట నాకు ఒక్కరూ చెప్పలేదు.

మా దగ్గర ఇలా కాదు.
టిక్కీ కుట్టు విప్పి, గుప్పెడు తీసి,
తొడిమ విరిచి, గలగల విని, వెలుతురుకి ఎత్తి,
నాలుగు తెల్లకాయలు కనపడితే చాలు.
తాలు.
ధర సగానికి సగం.
"ఇంటి దగ్గర బానే ఉంది కదండీ" అనడానికి
రైతుకి నోరు లేదు.

నిన్న సాయంత్రం, వట్టిచెరుకూరు పెదమస్తాన్.
పద్నాలుగు టిక్కీలు. తొమ్మిది తేజ, ఐదు తాలు.
ఆ ఐదూ తాలని పొద్దున రాసుకుంది నేనే.
ఏడుంబావుకి ఆఖరి బస్సు, చేతికి పట్టీ కావాలి,
సున్నా తిరుగుతోంది.
నొక్కాను. మళ్ళీ నొక్కాను. కోపంతో కొన్నిసార్లు.

ఆయన వంగి తెరలోకి చూశాడు,
కాయని చూసినట్టే.
వేలితో మూత అంచు తట్టి చెవి ఒగ్గాడు.
"కొత్తదేనామ్మా?"
"కొత్తదే."
"మరి ఎంత తరుగు తీశారు?"

సొరుగు లాగాను.
పాత పట్టీ పుస్తకం, మడతల్లో చిరిగిన కార్బన్ కాగితం.
తారీఖు, పేరు, ఊరు, తూకం
గబగబా రాసుకుంటూ వచ్చి
తాలు దగ్గర ఆగాను.
కాసేపు నేనూ తిరిగాను, ఆ తెరలాగే.
ఐదు అనే రాశాను. షావుకారు లెక్క షావుకారుదే.
తరుగు గడి మాత్రం
ఖాళీగా వదిలేశాను.
ఆయన చదవకుండానే మడిచి, చొక్కా జేబులో దోపుకుని
బస్సుకి పరుగెత్తాడు.

ఎనిమిదింటికి, తాళం వేయబోతుంటే
లోపల ప్రింటరు మొదలైంది.
నేను నొక్కినన్నిసార్లూ,
ఒక్కటీ మర్చిపోకుండా,
పదకొండు పట్టీలు.
అన్నిటి మీదా పెదమస్తానే.
అన్నిటి మీదా
తరుగుతో సహా.