గుర్తు తెలియని వాహనం

రాత్రి ఎనిమిదిన్నరకి మా ఇంట్లోకి
ఒక డీఎస్పీ వస్తాడు.
నాలుగు వందల పదహారో రోజు కూడా
ఒక చేతిలో తుపాకి, ఒక చేతిలో కూతురి చున్నీ,
చున్నీ మీద ఇంకా ఎండని రక్తం.
ఇస్తాడా, దాస్తాడా?
మూడు వైపుల నుంచి అతని మొహం,
మూడు ఉరుములు,
తర్వాత సబ్బు ప్రకటన.

నాన్న ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి చూస్తాడు.
ముప్ఫై ఒక్కేళ్లు స్టేషను రైటరు.
వన్ టౌన్‌లో, హార్బర్‌లో, చివర్న ఆరిలోవలో
ఎవరు ఎవర్ని కొట్టినా
నాన్న దస్తూరీలోనే కొట్టుకున్నారు.
డీఎస్పీ ఏడుస్తుంటే నాన్న అనేది ఒక్కటే:
"లాన్యార్డు తప్పు భుజానికి కట్టాడు."
ఇంకో రోజు,
"చున్నీని అలా ఒట్టి చేత్తో పట్టుకుంటారా? పంచనామా ఏదీ?"
అమ్మ విసుక్కుంటుంది.
"మీ పంచనామా తగలెయ్య, కన్నకూతురండీ అది!"
నాన్న సౌండు పెంచుతాడు.

నా సంగతి సీరియల్లా సాగలేదు.
ఒక్క రాత్రి. అది కూడా సగం.
సాగర్‌నగర్ దాటాక రోడ్డు మీద ఇసుక,
స్కూటీ లైటు ముందు ఒక్కసారిగా
గాజు పెట్టెలో మరమరాలు,
నిమ్మచెక్కలు, ఒక మనిషి.
ఉరుమేం లేదు.
సముద్రం ఎప్పటి చప్పుడే చేస్తోంది.
నేను ఆగలేదు.
ఈ మాట ఇంత చిన్నగా రాయడానికి
ఆరేళ్లు పట్టింది.

ఫోన్ చేస్తే, నైట్ డ్యూటీలో ఉన్నాడు.
"తిన్నావా?" అన్నాడు.
చాలాసేపాగి, "బండి లోపల పెట్టు" అన్నాడు.
తెల్లారగట్ల వచ్చి తనే కడిగాడు,
హెడ్‌లైటు చుట్టూ పాత టూత్‌బ్రష్‌తో.
అదే చేత్తో అప్పటికే రాసేసి వచ్చాడు:
కర్రి సన్యాసిరావు, నలభై రెండేళ్లు,
మురీ మిక్స్చరు వ్యాపారం,
గుర్తు తెలియని వాహనం.
మూడోరోజు కేజీహెచ్ నుంచి కబురొస్తే
సెక్షను మార్చాడు.
వాహనాన్ని మార్చలేదు.

డీఎస్పీకి ఎంత టైముందో!
రోజూ అరగంట నలిగి,
మేకప్ కడుక్కుని ఇంటికెళ్తాడు.
మా నాన్నకి దొరికింది
పెన్ను విదిలించుకునేంత సేపు.

మంచివాడా అని నన్నడక్కండి.
పెన్సిలు ముక్క కూడా
స్టేషన్ నుంచి ఇంటికి తేని మనిషి.
దొంగతనంగా తెచ్చుకున్నది
నన్నొక్కదాన్నే.

ఆదివారాలు బస్సెక్కి బీచికెళ్తాడు.
రెండు పొట్లాలు తెస్తాడు, ఇంటికొచ్చేసరికి మెత్తబడిపోయి.
అమ్మ పులుపెక్కువైందంటుంది.
నేను తింటాను. అడుగున కాగితం తడిసేదాకా తింటాను.

మొన్న నాన్నకి జ్వరం. నేను వెళ్లాను.
"రైటరు బాబు కూతురువా? పోలికుందిలే"
అంటూ ఆవిడ రేకు డబ్బా వెనక నుంచి
ఓ పాలిథిన్ కవరు తీసింది.
"సిల్లరట్టుకోకుండా ఎల్లిపోతారెప్పుడూ.
ఒకలి డబ్బు నాకేటికమ్మా."
మూడొందల డెబ్భై.
బండి చెక్క మీద, వాన తగలని వైపు,
బొగ్గుతో గీతలు గీతలుగా లెక్క.
నాన్న ఎన్ని ఆదివారాలు వెళ్లాడో
నాకు తెలిసింది అక్కడే.

యారాడ కొండ మీది దీపం
మా ఇద్దరి మీంచీ ఓసారి తిరిగి
నీళ్లలోకి పోయింది.
"నీ పేరేటమ్మా?"

ఇంట్లో ఈపాటికి డీఎస్పీ వచ్చేసుంటాడు.
నాన్న దుప్పటి కప్పుకుని
అతని భుజం వైపు చూస్తుంటాడు.

చెప్పాను.
పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు,
నాన్న అందర్నీ అడిగే వరసలో.
తర్వాతి గడి దగ్గర
ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపింది.