ఏరేటర్ల కాడ

నలభై మూడు మెయిళ్లు పెట్టినా.
ఒక్కటే జవాబు:
"సర్టిఫికెట్‌కి మూడు వేలు, పనికి రానక్కర్లేదు."

అల్లూరు చెరువు గట్టున మస్తానయ్య మామ
ఫీజు అడగలేదు.
"ట్రిపుల్‌ఈ అంటివి గదబ్బయా,
మోటారు కాలిపోయుండాది, చూడు."

తెల్లారుజాము మూడు.
మీటర్లో అంకె పడిపోతా ఉంది.
నీళ్లలో గాలి చాలక
రొయ్యలు పైకి తేలి మీసాలాడిస్తాయి,
చప్పుడుండదు.
ఫోన్లో క్లాసు గ్రూపూ నిద్రపోలేదు:
ఎక్కడన్నా తీసుకుంటన్నారంట్రా?

నాలుగు చక్రాలు తిరుగుతాయి, ఐదోది మొరాయిస్తుంది.
దాని లైను ఆపి
జేబులో కెపాసిటర్‌తో
నడుంలోతు దిగుతాను.

జూన్‌లో కాలేజీ ఉత్తరం అడిగింది.
మామ మేతబస్తా కాగితం చించి రాశాడు:
"ఈ పిల్లోడున్న ఏ రాత్రీ
మా చెరువు చావలేదు."

హెచ్ఓడీ కాగితం తిప్పి చూశాడు,
రొయ్యమేత వాసన.
"సీలేదీ?"