అయిదో డొప్ప

ఏడాదికొక్క పొద్దు
పలమనేరు ఆఫీసు బీరువాలోంచి దాన్ని బయటికి తీస్తారు,
పాముల బుట్ట మూత తీసినంత నిదానంగా.
అయిదు తూటాలు.
ఒక్కోటి నా చూపుడువేలి కన్నా పొడుగు.
రిజిస్టర్లో అయిదు సంతకాలు.
"డొప్పలు అయిదూ తిరిగి రావాల.
ఒకటి తగ్గితే చిత్తూరు దాకా బదులు చెప్పుకోవాల"
అంటాడు దస్తగిరి తాత.
రిటైరై ఆరేళ్లయినా
ఈ ఒక్క పనికి జీపు పంపి పిలిపించుకుంటాం.

మొగిలి దారిలో మూతపడిన రాతి క్వారీ.
వంద గజాలు అడుగులేసి కొలిచి
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అట్టపెట్టెను నిలబెట్టినాం.
పెట్టె మీద పచ్చటి తోతాపురి బొమ్మ,
బొమ్మ మీద బొగ్గుతో ఒక చుక్క.
ఇసుక సంచికి బదులు రాగుల మూట.
నిరుడు ఏనుగు తొక్కిన చేనిది,
సగం రాగులు, సగం మన్ను.
"సంగటికి రావు, మీకన్నా పనికొస్తాయి తీసుకుపోండి"
అని మునెమ్మత్త ఇచ్చింది.

మొదటిది.
భుజం తలుపు బద్దలుకొట్టి ఎవరో లోపలికొచ్చినట్టు.
కొండ ఆ ఒక్క మాటను మూడుసార్లు అప్పజెప్పింది.
నాలుగు వేళ్లు ఎడమకు, రెండు వేళ్లు కిందకు.
రెండోది సరిగ్గా దాని పక్కనే.
"ఒకే తప్పు రెండుసార్లు చేసినావు.
అంటే తప్పు నీది కాదు, తుపాకీది"
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
గడియారాలు బాగుచేసేవాడిలా
చిన్న మరను టిక్కు టిక్కుమని తిప్పినాడు.
మూడోది బొగ్గు చుక్క అంచు కొరికింది.

నాలుగోసారి తానే నింపి ఇచ్చినాడు, నాకు కనపడకుండా.
ఊపిరి సగం వదిలి, సగం బిగబట్టి,
నిద్రపోయే బిడ్డ చేతిలోంచి బొమ్మ తీసినట్టు
మెల్లగా లాగినాను.

టక్.

మోత లేదు, పొగ లేదు.
గొట్టం మాత్రం తల దించుకుంది.
కళ్లు వాటంతటవే మూసుకుపోయినాయి.
తగలని దెబ్బకు భుజం వెనక్కి ముడుచుకుంది.
మందు లేని ఉత్త తూటా,
తాత జేబులోది.
"చూసినావా మే లోకేశ్వరీ,
ఇది మాత్రం తుపాకీది కాదు.
దీనికి మర లేదు."

నిరుడు కార్తీకంలో బైరెడ్డిపల్లి చేలో
గుంపు విడిచిన మగది
ఇరవై అడుగుల్లో నిలబడింది.
నా చేతిలో టార్చి, చంకలో టపాసుల సంచి.
దాని చెంప మీద కారే మదం వాసన
నా యూనిఫాంను మూడు ఉతుకుల దాకా వదల్లేదు.
అప్పుడు రెప్ప కూడా వెయ్యలేదే నేను.
అట్టపెట్టె ముందర ఎందుకు మూసుకున్నానో
తాతను అడగలేదు.

తాత నలభై ఏళ్లలో ఒక్కసారే కొట్టినాడంట, పెద్దదాన్ని.
యాడ తగిలిందంటే చెప్పడు.
ఎన్నాళ్లు అన్నం సయించలేదో చెప్తాడు,
అది కూడా ఒక్కోసారి ఒక్కో లెక్క.

మిగిలిన రెండూ చుక్కలోనే పడినాయి.
కళ్లు తెరిచే ఉన్నానని నేననుకున్నాను,
తాత ఏమీ అనలేదు.

డొప్పలు నాలుగే దొరికినాయి.
పొద్దు వాలేదాకా బోదగడ్డిలో మోకాళ్ల మీద నేను,
సెల్లు వెలుతురులో డ్రైవరు మునిరత్నం,
గొణుక్కుంటా తాత.
తంగేడు పొద వెనక దొరికింది,
నేను కూర్చున్న దిమ్మెకు పదడుగుల దూరంలో,
ఏనుగు లద్దెను ఆనుకుని.
లద్దెలో అరగని మామిడి టెంకలు.
ఇత్తడి డొప్ప ఎప్పుడో చల్లారింది.
తాత వంగి లద్దె మీద అరచెయ్యి ఆనించినాడు.
చాలాసేపు తియ్యలేదు.
పొద అవతలికి ఒకసారి చూసి,
గొంతు తగ్గించి,
రిజిస్టరు తెరవమన్నాడు.
అయిదు అని రాయించినాడు,
అంకెలోనూ, అక్షరాల్లోనూ.