రెండో టీ

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు.
మాలకొండయ్య దగ్గర ఆ సామెత తిరగబడింది.

మూడో అంతస్తు సెంట్రింగు మీంచి జారిన కాలు
పెద్దాసుపత్రిలో మోకాటి దాకా తీసేశారు.
"ఖర్చంతా నాది, నేనుండాగా" అని
వార్డంతా వినేట్టు నోరు జారిన కాంట్రాక్టరు
పది రోజులకి ఎంచక్కా దాన్ని వెనక్కి తీసేసుకున్నాడు.
"సదరు వ్యక్తి ఎవరో మాకు తెలియదు" అని
రిజిస్టర్డ్ పోస్టులో జవాబు.

నేను వకీలు గుమాస్తాని.
నెల్లూరు మినీబైపాసులో జిరాక్సు షాపు పైన
సులోచనమ్మ గారి ఆఫీసు.
ఇరవై రెండేళ్లుగా కిందపడ్డవాళ్లని టైపు చేస్తున్నాను.
పరంజి విరిగినవాళ్లు, లిఫ్టు గుంత చీకట్లో కనపడనివాళ్లు,
చేతిలో చువ్వ కరెంటు తీగకి తగిలినవాళ్లు.
'ప్రమాదవశాత్తు' అనే మాట
ఇప్పుడు కళ్లు మూసుకుని కొడతాను.

అమ్మగారు ఫీజు మాట ఎత్తలేదు.
"కాయితం ఏదన్నా ఉందా?"
"మేస్త్రీ హాజరు గోడ మీద ఏసేవాడమ్మా, బొగ్గుతో.
ఆ గోడకి మొన్న పూత పూసేశారంట."

బిల్డరు కాంట్రాక్టరుని చూపిస్తాడు,
కాంట్రాక్టరు మేస్త్రీని,
మేస్త్రీ ఫోను స్విచ్చాఫ్.
వరికుంటపాడు నుంచి కలిసొచ్చిన నలుగురూ
మద్రాసులో ఇంకో స్లాబు కింద ఉన్నారు.
లేబరు కార్డు గడువు తీరి రెండేళ్లు.

అప్పుడొచ్చింది మస్తాన్‌బీ.
సాక్ష్యానికి కాదు, బాకీకి.
సైటుకెదురుగా టీ బండి ఆమెది. రెండొందల తొంభై రావాలి.
చంకలో అట్ట చిరిగిన నోటుపుస్తకం.

అక్షరం రాదామెకి. పేర్ల బదులు బొమ్మలు:
తాపీ పనాయనకి తాపీ,
ఇసక జల్లించే ఆమెకి జల్లెడ,
మాలకొండయ్యకి నిచ్చెన.
నిచ్చెన పక్కన రోజుకి రెండు గీతలు,
పొద్దుటి టీ, మాపిటి టీ.
పద్నాలుగు రోజులు రెండేసి.
పదిహేనో రోజు ఒక్కటే.

అమ్మగారు ఆ ఒంటిగీత మీద వేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.

వాయిదా రోజు బండి కట్టేసి వచ్చింది మస్తాన్‌బీ.
ఒక పూట బేరం పోయిందని దారంతా సణిగింది.
అటువైపు వకీలు లేచాడు:
"ఇందులో మాలకొండయ్య అనే పేరు ఎక్కడుందమ్మా?"
"పేరు ఇంటికాడ సామీ.
నా బండికాడ ఎవరి పనిముట్టే వాళ్ల పేరు."
"ఆ రోజు ఒక గీత మర్చిపోయి ఉండొచ్చు కదా?"
"టీ లెక్క మర్చిపోతే నేను బతికేదెట్టయ్యా?
రెండో టీ గ్లాసులో పోసి పెట్టుండా.
ధబ్బున శబ్దమొచ్చింది.
తాగందానికి గీత గీస్తే పాపం గదా."

రాసుకుంటున్న అధికారి పెన్ను ఆగింది.
ఆగినంత మాత్రాన ఏమీ కాదు, నాకు తెలుసు.
కాలుకో శాతం, జీతానికో శాతం, వయసుకో గుణకం.
ఆధార్లో జనవరి ఒకటి.
మీ ఊళ్లో అందరూ అదే రోజు పుట్టారా అని ఒక వాయిదా,
గెలిచినా పైకోర్టుకి పోతారని ఇంకో భయం.
ఉత్తర్వు తర్వాత చెప్తామన్నారు.
నోటుపుస్తకం ఫైల్లో ఉండిపోయింది,
అందరి బాకీలతో సహా.
జిరాక్సులో పెన్సిలు గీతలు పడలేదని
మస్తాన్‌బీ నామీద ఇప్పటికీ గుర్రుగా ఉంది.

ఆ ఆఫీసు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు.
కర్రలు నాకిచ్చి
మాలకొండయ్య మెట్టు మీద కూచుని, కిందికి జరిగి,
మళ్లీ కూచుని, మళ్లీ జరిగి
మధ్యలో ఆగిపోయాడు.
నొప్పేమో అనుకున్నాను.
అరచేత్తో ఆ మెట్టుని కొలుస్తున్నాడు.

"దీనికి సెంట్రింగు కొట్టినోడెవడో గానీ
ఈ మెట్టు అరంగుళం ఎత్తన్నా.
పడతారెవరన్నా.
లోపల చెప్పిరాపో."