గెడ్డవతల దేశానికి పదకొండు చొక్కాలు

గుణుపురం పాత బస్టాండు వెనక
ముప్పయ్యేళ్ళుగా నా కుట్టుమిషను.
పెళ్ళి జాకెట్లు, బడి నిక్కర్లు,
ఒకసారి ఒక కానిస్టేబులు పేంటుకి మోకాలి దగ్గర అతుకు.
దేశానికి బట్టలు కుట్టమని మాత్రం
ఎవరూ అడగలేదు, మొన్న వానాకాలం దాకా.

ఆదివారం పొద్దున్నే ముగ్గురు గుంటలొచ్చేరు,
కాళ్ళకి ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.
పెద్దోడు సవర ఇస్రేలు, గోలు కాసేవాడు.
"మాది గెడ్డవతల జాతీయ జట్టు బావూ,
పదకొండు చొక్కాలు కావాల" అన్నాడు.
నవ్వుతాడేమోనని చూసేను.
నవ్వలేదు.

ఏ రాష్ట్రంరా మీది అంటే
జేబులోంచి రెండు ఓటు కార్డులు తీసి
పేకముక్కల్లా బల్లమీద పరిచేడు.
ఒకదాన్లో వాడి పేరు ఒడియాలో, ఇంకోదాన్లో తెలుగులో.
పుట్టిన తేదీ రెండింట్లోనూ తప్పే.
ఒక సర్కారు బోరు తవ్విందట,
రెండో సర్కారు దానికి పిడి బిగించిందట,
నీళ్ళు ఇద్దరి మాటా వినలేదట.
ఇటు ఆఫీసులో అడిగినా, అటు ఆఫీసులో అడిగినా
ఆ ఏడూళ్ళకీ చెప్పే పేరొకటే:
అది గెడ్డవతల.
"సరే మరి, ఆ పేరే పెట్టేసుకున్నాం."

జెండా రంగేటి? అని అడిగేను.
ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.
డబ్బులెంతున్నాయి? అని అడిగేను.
అప్పుడూ అలాగే చూసుకున్నారు.

ఆసుపత్రి తెరల కోసం కొన్న నీలం తాను ఒకటుంది నా దగ్గర,
టెండరు రద్దయి మూలపడింది.
అంకెలకి తెల్లగుడ్డ కావాలి కదా,
రెండు పక్కల ఎన్నికల బేనర్లూ తెచ్చి
అచ్చు లోపలికి పోయేలా తిరగేసి కత్తిరించేను.
తొమ్మిదో నంబరు వెనక
ఎవరిదో దణ్ణం పెడుతున్న చెయ్యి ఉండిపోయింది.
బిడ్డిక జమ్మడు పరిగెత్తినంత సేపూ
వాడి వీపుకి అది దణ్ణం పెడుతూనే ఉంటుంది.
వాడికి చెప్పలేదు.

కాలేజీ మైదానంలో పోటీ. అవతల రాయగడ జట్టు,
అందరికీ బూట్లున్నాయి, నీళ్ళ సీసాలు మోయడానికి ఒక మనిషున్నాడు.
మైకు దగ్గర త్రినాథ పండా సరదా పడ్డాడు:
"జాతీయ జట్టంట! మరి జాతీయగీతమేదీ?"
జనం పగలబడ్డారు.
ఇస్రేలు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు.
పదకొండుమందీ వరసగా నిలబడి
చేతులు నోటికడ్డం పెట్టుకుని ఊదేరు:
పాఁ... ప పాఁ... ప పాఁ...
కొండ కింద దాకా వచ్చే ఒకే ఒక్క బస్సు హారను.
వారానికి రెండుసార్లు
ఆ కూతకే ఏడూళ్ళూ లేచి నిలబడతాయి,
రోగులు, ఉప్పు తెచ్చుకునేవాళ్ళు, పరీక్షకెళ్ళే పిల్లలు.
మెడలో టేపు వేలాడుతుండగా
నేనూ లేచి నిలబడ్డాను. ఎందుకో అడక్కండి.

ఆరు గోళ్ళు తిన్నారు. ఒకటి కొట్టేరు.
అదీ మా జమ్మడి మోకాలికి తగిలి
దానంతటది లోపలికెళ్ళిపోయింది.
ఆ ఒక్కదానికి వాళ్ళు చేసిన గోల చూసి
గెలిచింది తామే కదా అని
రాయగడ వాళ్ళు రిఫరీని అడిగేరు.

చీకటి పడ్డాక ఇస్రేలు వచ్చేడు, ఒక మోచెయ్యి చీరుకుపోయింది.
నేను చొక్కా చూసేను ముందు. కుట్టు ఊడలేదు.
"వచ్చే ఏడు కాలరు పెట్టాల బావూ,
విదేశం వెళ్తన్నాం."
ఏ విదేశంరా?
"పర్లాకిమిడి."

పద్దుపుస్తకంలో రాసుకున్నాను:
గెడ్డవతల సర్కారు, బాకీ పదమూడు వందల నలభై.
దానికి పై పేజీలో బడి నిక్కర్ల బిల్లుంది,
పెద్ద సర్కారుది, నాలుగేళ్ళయింది.
ఈ చిన్నది మాత్రం
బస్సొచ్చిన రోజల్లా డ్రైవరు చేత
ఓసారి అల్లం, ఓసారి చింతపండు పంపుతోంది.
నిన్న ఒక పనసకాయ.
ఎంతకి జమ కట్టాలో తెలీక
పెన్ను పట్టుకుని కూచున్నాను.