బ కింద వత్తు

చందంపేట దాటినంక మట్టితొవ్వ మీద మా బడి.
రెండు గదులు.
ఒకదాంట్ల ఒకటి నుంచి ఐదు దాకా పందొమ్మిది మంది,
రెండోదానికి తాళం.
కప్పు పెచ్చులూడి ఆరేండ్లాయె.
అండ్ల ఉండేటోళ్ళ పేర్లు నా హాజరు పుస్తకంల లేవు.

ఆ వాసనతోనే పాఠం మొదలువెట్టిన.
ముక్కు మూసుకున్న సైదులును అడిగిన, ఏందిరా అని.
"గబ్బు, టీచర్."
బోర్డు మీద రాసిన: గబ్బు.
దాని కింద ఇంకో మాట: గబ్బిలం.
సగం మాట వాళ్ళకు ముందే వచ్చు,
మిగిలిన సగం తలుపు సందుల కిచకిచమంటున్నది.

బకు గుడిస్తే బి.
"గుళ్ళె గూడ ఉంటయి టీచర్,
దేవరకొండ ఖిల్లా మీద పాత గుళ్ళె!"
నిజమే, రాసుకోండ్రి.
బికి బ వత్తిస్తే బ్బి.
"ఆ చిన్న బ ఎందుకు కిందికి దిగింది?"
దిగలే బిడ్డా, వేలాడుతున్నది.
పందొమ్మిది మెడలు ఒక్కసారే వంకరవోయినయి.
దసరా సెలవుల సంది ఏడిపిస్తున్న వత్తు
ఆ పూట పానం పోసుకున్నది.

పిట్టనా, జంతువా అని ఒక కొట్లాట.
రెక్కలున్నయి కదా అని కుర్మయ్య.
మరి ఈకలేవి అని అంజమ్మ.
మీ బర్రె లెక్కనే పిల్లకు పాలిస్తది అంటే
ఎవ్వడూ నమ్మలే.
"ఎగిరే బర్రె, ఎగిరే బర్రె" —
పది నిమిషాలు పాఠం ఆగింది.

చీకట్ల అది చెవులతోని తొవ్వ చదువుతది, చెప్పిన.
సప్పుడు ఇసురుతది,
తాకి మళ్ళొచ్చినదాన్ని వింటది.
ఎట్లంటే, నేను గ అంటే మీరు గ అన్నట్లు.
గ, అన్న.
పద్దెనిమిది గలు తిరిగొచ్చినయి.
జమ్ని పెదవులు కదిలినయి, అంతే.
ఆ పిల్ల ఇంట్ల మాట వేరు, తండా మాట.
నా సప్పుడు తాకనీకె ఆడ గోడ ఇంకా లేవలే.

మీ అమ్మ దీన్ని ఏమంటదే?
లేచొచ్చి నా చెవుల చెప్పింది.
నేను పలికిన. కాదన్నది.
మళ్ళ పలికిన. మళ్ళ కాదన్నది.
మూడోసారి నవ్వింది,
జూన్ నుంచి ఇదే మొదలు.

వారం తర్వాత, ఇంటిబెల్లు ముందు,
పలక మీద తనంతట తానే రాసింది: గబిలం.
వత్తేదే జమ్నీ?
కిటికీ దిక్కు చూసింది.
"మాపయింది కద టీచర్. మేతకు పోయింది."

తెల్లారి నాకంటే ముందొచ్చి మెట్ల మీద కూసున్నది,
పలక ఒళ్ళె పెట్టుకొని.
బ కింద బ ఉన్నది,
కాకపోతే తలకిందులుగ.

నెలాఖరు పట్టికల ఒక గడి:
ద్విత్వాక్షరాలు — వచ్చు / రావు.
ఏదో ఒకదానికే టిక్కు పెట్టాలె.
రెండూ వదిలేసి, అంచుకు సన్నగ రాసిన:
మాపటికి పోతయి,
పొద్దుగాల వస్తయి.