రెండు గొట్టేదాక

మేం తుడిచేది పగలు కాదు.
పగటిపూట పలక మీద చెయ్యి పెడితే తోలు లేస్తది.
సూర్యుడు డ్యూటీ దిగినంక పది దాక,
మళ్ల మబ్బుల నాలుగింటి నుంచి ఎండ కాలేదాక.
ఇబ్రి దాటి నలభై కిలోమీటర్లు.
మా ఆర్మూర్ దిక్కు పసుపు కొమ్ములు ఆరబోసినట్టు
ఇసుక మీద ఎండను పట్టేటందుకు
అద్దాలు ఆరబోసిన్రు.
నీళ్లు లేవు, పొడి బ్రష్షే.
ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి
మొదటి పలక మీద మళ్ల దుమ్ము.
మా సూపర్‌వైజర్ ముసల్లం వేలితోని గీత గీసి చూపిస్తడు:
"ఇదిగో, ఇక్కడ ఒక దీపం ఆరిపోయింది."

పోశెట్టి బావ సోహార్‌ల,
గ్యాసు కరెంటు ప్లాంటుల ఫిట్టరు.
శుక్రవారం ఫోన్ల ఎక్కిరిస్తడు:
"నీ సూర్యుడు ఆరు గొట్టంగనే సంచి సర్దుకుంటడురా.
ఏడింటికి దేశమంత ఇల్లు చేరి ఏసీ ఏస్తది.
అప్పుడు లేచి నిలవడేది ఎవలు? నా టర్బైను."

అబద్ధం కాదు.
నేనడిగిన: "మరి మిట్టమధ్యాహ్నం ఏం చేస్తది బావా, నీ టర్బైను?"
జర సేపు సప్పుడు లేదు.
"కునుకు తీస్తది," అన్నడు.
"పండుకున్నోనికి జీతం ఎన్నొద్దులిస్తరో చూడాలె."
నవ్విండు గని
ఆ నవ్వు నాకు మంచిగనిపియ్యలె.

మొన్న తెల్లటి డబ్బాలు దించిన్రు,
ఒక్కొక్కటి మా గదంత.
పగటెండను రాత్రికి దాచే బ్యాటరీలట.
వేడికి పాడైతయని వాటికి ఏసీలు పెట్టిన్రు,
మా గదులల్ల ఏసీ బాగుచేసెటందుకు
మనిషి ఇంక రాలె.

బావకు ఒక మాట దాచిన.
ఈ అద్దాల కరెంటు మా క్యాంపుకు రాదు.
రేకుల గదుల నెత్తి మీదికెళ్లే పోతది, మస్కట్ దిక్కు.
మాకు డీజిల్ జనరేటరు,
దమ్ము వట్టిన దున్నపోతు లెక్క రాత్రంత రొప్పుతది.
దాని పొగ పోయి ఎక్కడ కూసుంటదంటే
మొదటి వరుస పలకల మీద.
అది గూడ మేమే తుడుస్తం.

జూన్ల ఇసుక గాలికి దారి మూసుకపోయింది.
టాంకరు రాలె, జనరేటరు ఆగింది.
నలభై ఆరు మందిమి
కుమ్ముల ఏసిన మొరంగడ్డల లెక్క ఉడికినం.
రెండో దినం గుల్‌జమాన్, పెషావర్ ఎలక్ట్రీషియను,
స్టోరు వెనక పారేసిన నాలుగు పగిలిన పలకలు,
లారీల నుంచి తీసిన పాత బ్యాటరీ ఒకటి,
తెచ్చి కలిపిండు. పగలంత నింపిండు.
రాత్రి ఒక్క ఫ్యాను.

దాని ముందట జ్వరమొచ్చిన బిహారు పిలగాన్ని పండవెట్టి
గాలి కొసకు ఎవల కాళ్లు వాళ్లు చాపుకున్నం.
ఎవ్వలు మాట్లాడలె.
మధ్యాహ్నం మమ్మల్ని కాల్చిన ఎండే
ఇప్పుడు వాని నుదురు మీద చల్లగ ఆడుతున్నది.
ఒంటిగంట దాటినంక
రెక్కలు లెక్కవెట్టేటంత మెల్లెగైనయి.
రెండు గొట్టంగ ఆగింది.

మూడో నాడు టాంకరు దుమ్ము లేపుకుంట వస్తే
ఈలలేసినం, సప్పట్లు కొట్టినం.
నేను గూడ కొట్టిన. దాచుడెందుకు?

ఈసారి బావకు అంత చెప్పిన.
నవ్వలె.
"రెండు దాకనా? మరి రెండు నుంచి నాలుగు?"
"ఆ రెండు గంటలు నీయే బావా," అన్న,
"ఈ ఎండకాలానికి."

లారీ యార్డుల ఇంకో పాత బ్యాటరీ ఉన్నదని
గుల్‌జమాన్ చెప్పిండు.
అక్కడి కాపలా ముసలాయనకు
చాయ అంటే పానమట.
జీతం రాంగనే
అరకిలో చాయపత్త కొన్న.